మాడ్యులర్ కిచెన్: డబ్బా ఊడుతుందా, ఊడదా?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ, ఏ ఊరి షోరూముకు వెళ్లినా ముందు రంగులు చూపిస్తారు, ఆ తర్వాత డ్రాయరు చప్పుడు లేకుండా దానంతటదే మూసుకోవడం చూపిస్తారు. రెండూ బాగానే ఉంటాయి. అడగాల్సిన మాట వేరే ఉంది: సింకు కింద డబ్బా (అలమరా పెట్టె) ఒక్కటే పాడైతే, గ్రానైటు పగలగొట్టకుండా, పక్క డబ్బాలు కదపకుండా దాన్ని తీసి కొత్తది పెడతారా? పెట్టగలిగితే అది మాడ్యులర్. లేదంటే వడ్రంగి చేసే పాత అలమరాకే లామినేట్ అంటించి పేరు మార్చారన్నమాట. గోదావరి డెల్టాలో ఈ మాట మొదటే అడగాలి. ఒండ్రు నేల, అడుగు నుంచి గోడలకు ఎక్కే చెమ్మ, రోజూ నీళ్లు పోసి కడిగే గచ్చు. వీటన్నిటికీ ముందు బలయ్యేది ఆ సింకు డబ్బాయే.

కింద రాసింది ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. ఇక్కడ అమ్ముతున్న సరుకు తీరు, బిగించే తీరు చూసి చెప్పిన మాటలు.

షోరూములో ఒక షట్టరు (డబ్బా తలుపు) తెరిచి డబ్బా లోపలి పక్క పలక చూడండి. 5 మి.మీ. రంధ్రాలు నిలువుగా, ఒకదానికొకటి 32 మి.మీ. దూరంలో, ముందు అంచుకు 37 మి.మీ. లోపల వరుసగా ఉండాలి. జర్మనీ నుంచి వచ్చిన ఈ 32 లెక్కే మాడ్యులర్‌కు ప్రాణం. హింజ్ ప్లేటు, డ్రాయరు చానెల్, అర (షెల్ఫ్) కూర్చునే పిన్ను, అన్నీ ఆ లెక్కకే తయారవుతాయి కాబట్టి ఒక కంపెనీ డబ్బాలో ఇంకో కంపెనీ సామాను కూర్చుంటుంది. ఆ వరుస లేకుండా కంటి అంచనాతో స్క్రూలు దిగ్గొట్టిన డబ్బాలో, చానెల్ పోయిన రోజున పాత రంధ్రం పక్కనే కొత్త రంధ్రం వేస్తారు. రెండోసారి అక్కడ పలక పట్టు వదిలేస్తుంది.

వెడల్పుల సంగతి. డబ్బాలు 300, 450, 600, 900 మి.మీ.ల్లో ఉంటే మేలు. పది అడుగుల గోడ అంటే 3048 మి.మీ. అయిదు 600 డబ్బాలు పెడితే 3000, మిగిలే 48 మి.మీ.కి రెండు కొసల్లో ఫిల్లర్ పట్టీలు. చాలాచోట్ల ఇలా చేయరు. కంప్యూటర్లో గోడ పొడవును అయిదుతో భాగించి ఒక్కో డబ్బా 609 మి.మీ. చొప్పున కోయించేస్తారు. చూడ్డానికి పట్టీ లేకుండా నున్నగా ఉంటుంది, కానీ రేపు ఒక డబ్బా కావాలంటే ఆ కొలతలో రెడీమేడ్‌గా ఎక్కడా దొరకదు. పైగా మన ప్లాస్టరింగ్ నిట్టనిలువుగా ఉండేది తక్కువ: కింద పది అడుగులున్న గోడ వంట గట్టు ఎత్తుకు వచ్చేసరికి తొమ్మిది అడుగుల పదకొండు అంగుళాలు ఉండవచ్చు. గచ్చు దగ్గర, గట్టు ఎత్తులో, పై డబ్బాల ఎత్తులో మూడుసార్లు టేపు పెట్టని మనిషికి అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక పలక. "వాటర్‌ప్రూఫ్ అండీ" అనే మాటకు విలువ లేదు. ప్లైవుడ్ మీద ఐఎస్ఐ గుర్తు పక్కన ఏ నంబరుందో చూడాలి. ఐఎస్ 303 మామూలు ప్లైవుడ్‌ది. అందులో ఎంఆర్ (తేమకు మాత్రమే ఆగే) రకం వంటింటికి పనికిరాదు, బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకు ఆగే రకం) పరవాలేదు. ఐఎస్ 710 మెరైన్ ప్లై, 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పరీక్షించే రకం. లామినేట్ అంటించాక ఆ ముద్ర కనబడదు. కోతకు ముందే షీట్లు చూపించమనండి, ఫొటో తీసి పెట్టుకోండి. చెక్క పొట్టు నొక్కి చేసే పార్టికల్ బోర్డు ధరకు ఆశపడితే, ఒకసారి నీరు తాగి ఉబ్బిన అంచు ఎండినా మళ్లీ దిగదు, స్క్రూలు వదులైపోతాయి. హెచ్‌డీహెచ్‌ఎంఆర్ అనే, చెక్క పీచు గట్టిగా నొక్కి చేసే బోర్డు నున్నగా ఉంటుంది, షట్టర్లకు బాగుంటుంది, కానీ కోసిన అంచు సీలు కాకపోతే అదీ నీరు పీలుస్తుంది. పీవీసీ ఫోమ్ బోర్డుకు చెద పట్టదు, నీటికి చెక్కు చెదరదు. దాని జబ్బు వేరు: స్క్రూ పట్టు తక్కువ, పొయ్యి వేడికి మెత్తబడుతుంది, 900 మి.మీ. అరలో పాతిక కిలోల బియ్యం బస్తా పెడితే మధ్యలో కిందికి వంగుతుంది.

అందుకే అంతా ఒకే పలకతో చేయించాలన్న పట్టుదల వద్దు. డబ్బాలు విడివిడిగా ఉండటం వల్ల లాభమే ఇది. సింకు డబ్బా ఫోమ్ బోర్డుతో గానీ మెరైన్ ప్లైతో గానీ, బియ్యం, గ్రైండరు ఉండే డబ్బాలు బీడబ్ల్యూఆర్ ప్లైతో, పై డబ్బాలు ఇంకాస్త చవకలో చేయించవచ్చు. బయట షట్టరు ఒకటే కనిపిస్తుంది కదా.

పలక కోసిన అంచును మూసే పట్టీ చేత్తో జిగురు పూసి అంటించారా, మెషీన్ మీద వేశారా అడగండి. గోరుతో మూల దగ్గర గీరితే తెలిసిపోతుంది. చేతి పట్టీ ఒకటి రెండు వానాకాలాలకే లేస్తుంది, ఆ సందులో బొద్దింకలు కాపురం పెడతాయి.

స్టీలు బుట్టల దగ్గర అందరూ అయస్కాంతం తెస్తారు. దానితో పని జరగదు. మంచి రకం స్టీలు 304కీ అయస్కాంతం అంటదు, చవక రకం 202కీ దాదాపు అంతే. చుక్క మందు వేసి బ్యాటరీతో రంగు చూసే కిట్లు ఉన్నాయి, వాటితో తేలుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పు గాలికి, ఉప్పు బోరు నీళ్లున్న ఊళ్లలో గిన్నెలు కడిగి తడిగా సర్దడానికి 202 ఆగదు. సముద్రానికి దూరంగా ఉన్నా ఆవకాయ జాడీ పెట్టిన బుట్టే ముందు తుప్పు పడుతుంది, కారిన ఊటలో ఉప్పు ఉంటుంది మరి. జాడీలకు బుట్ట మానేసి గట్టి అర వేయించండి.

అసలు తగాదా అంతా బిగింపులో ఉంది. డబ్బా 720 మి.మీ. ఎత్తు, కింద 100 మి.మీ. ప్లాస్టిక్ కాళ్లు, పైన 18 మి.మీ. గ్రానైటు: మొత్తం 838. కాళ్లు మరతో తిరిగేవి అయి ఉండాలి, ముందు స్కర్టింగ్ పట్టీ క్లిప్పుతో ఊడి రావాలి. కొందరు మేస్త్రులు కాళ్ల ఖర్చు తప్పించి ఇటుక అరుగు కట్టి డబ్బాను దాని మీద కూర్చోబెడతారు. గచ్చు కడిగిన ప్రతిసారీ అడుగు పలక తడుస్తుంది. అంతకన్నా చెడ్డది, డబ్బా ఇక కిందికి దిగే దారి ఉండదు.

దిగడం ఎందుకంటే, తీసే పద్ధతి ఇది. షట్టర్లు హింజ్ క్లిప్పు నొక్కి తీయాలి. డ్రాయర్లు లాగేయాలి. సింకు కింద బాటిల్ ట్రాప్ (నీళ్లు పోయే గొట్టానికి ఉన్న సీసా) విప్పాలి. పక్క డబ్బాలతో కలిపిన బోల్టులు ఊడదీయాలి, గోడకు బిగించిన క్లాంపు ఉంటే అదీ. సింకు కోసిన చోట గ్రానైటు ముందు పట్టీ సన్నగా ఉంటుంది, దాని కింద పక్కగా ఒక కర్ర ఊతం పెట్టాలి. ఇది మరిచిపోతే రాయి అక్కడే విరుగుతుంది. తర్వాత నాలుగు కాళ్లూ తిప్పి డబ్బాను పది మి.మీ. దించి ముందుకు లాగితే వచ్చేస్తుంది. రాకపోతే కారణం ఒక్కటే: గ్రానైటుకూ డబ్బాకూ మధ్య సిలికాన్ పొడవునా పూసేశారు. రాయికీ గోడకూ మధ్య పూయాల్సిన సిలికాన్ అది. డబ్బా అంచున నాలుగు చుక్కలు చాలు. బిగించే రోజు దగ్గర నిలబడి చూడాల్సింది ఇదొక్కటే.

కొటేషన్‌లో చదరపు అడుగు లెక్క ఎలా తీశారో అడగండి. 600 వెడల్పు, 720 ఎత్తు డబ్బా ముఖం 4.65 చదరపు అడుగులు. కాళ్లు, గ్రానైటు కలిపి 838 ఎత్తుకు లెక్కేస్తే అదే డబ్బా 5.41 అవుతుంది. ఏడు డబ్బాలకు అయిదు చదరపు అడుగులకు పైగా ఉత్తినే పోతుంది.

డబ్బులు పూర్తిగా కట్టే ముందు ఒక కాగితం తీసుకోవాలి: ప్రతి డబ్బాకూ నంబరు, కొలతలు, పలక రకం, హింజ్ ఏ క్రాంకుదో (దాని చెయ్యి ఎంత వంపుదో), చానెల్ పొడవు, లామినేట్ షేడు నంబరు. షేడ్లు కంపెనీలు ఆపేస్తుంటాయి కాబట్టి అదే లామినేట్ ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు ఒకటి కొని అటక మీద పెట్టుకోండి. ఇస్తామని చెప్పి ఇవ్వనిది ఈ కాగితమే, ఎందుకంటే అది చేతికొస్తే తర్వాతి రిపేరుకు మీరు ఇంకొకరి దగ్గరికి వెళ్లవచ్చు.

గ్యాస్ సిలిండరుకు డబ్బాలో చోటు చూపిస్తే వద్దనండి. 14.2 కిలోల గ్యాసుతో బండ మొత్తం 30 కిలోల దాకా తూగుతుంది, కారితే ఆ గ్యాసు గాలికన్నా బరువు కాబట్టి డబ్బా అడుగునే చేరుతుంది. అక్కడే పెట్టక తప్పకపోతే షట్టరు అడుగున గాలి కంతలు ఉండాలి.

2022 జూలైలో లాగా వరద ఇంట్లోకి వచ్చే లంక ఊళ్లకు మాత్రం ఇందులో ఏదీ కొనమని చెప్పలేం. గట్టు కింద కడప రాయి నిలువు పలకలు, వాటికి అల్యూమినియం ఫ్రేము షట్టర్లు పెట్టుకోండి. నీరు తీశాక ఒండ్రు కడిగేసి, షట్టర్లు విప్పి ఎండబెట్టి, మళ్లీ అవే స్క్రూలతో బిగించుకోవచ్చు.