ఆఫర్ లెటర్ చదివిపెట్టే సర్వీసు: జీతం పెరగలేదు, అయినా 150 డాలర్లు దండగ కాలేదు

రేటింగ్: ఐదుకి మూడున్నర.

ముందు సర్వీసు ఏమిటో చెప్తాను. ఆసుపత్రుల్లో నర్సుల రిక్రూటర్‌గా చాలా ఏళ్లు పనిచేసి మానేసిన ఒకావిడ, కొత్తగా పాసైన నర్సులతో గంటసేపు వీడియో కాల్‌లో కూర్చుని ఆఫర్ లెటర్‌ని లైను లైనుగా చదివిపెడుతుంది. తర్వాత హెచ్ఆర్‌కి మనం రాసుకున్న మెయిల్ దిద్ది పంపిస్తుంది. ఫీజు 150 డాలర్లు. ఒక్కత్తే నడుపుకుంటోంది, కింద ఒక పెద్ద లోటు చెప్పబోతున్నాను కాబట్టి పేరు రాయట్లేదు.

నేను ఖమ్మం నుంచి పెళ్లయ్యాక డాలస్ వచ్చి, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యగా వచ్చే వీసా) మీద ఉంటూ ఇక్కడే బీఎస్ఎన్ అనే నర్సింగ్ డిగ్రీ చేశాను. వచ్చిన ఆఫర్ ఇది: మెడ్-సర్జ్ ఫ్లోర్ (మామూలు జబ్బుల, ఆపరేషన్ల రోగులుండే వార్డు), నైట్ షిఫ్ట్, గంటకి 34 డాలర్లు, చేరినందుకు 10,000 సైన్-ఆన్ బోనస్, దానికి రెండేళ్లు పనిచేయాలని, మధ్యలో మానేస్తే వెనక్కివ్వాలని ఒప్పందం.

మా ఆయన స్నేహితులంతా సాఫ్ట్‌వేరే. "వదినా, ఇంకో ఆఫర్ ఉందని చెప్పండి, వాళ్లే పెంచుతారు" అని ఒకరు. ఆర్ఎన్‌ల (రిజిస్టర్డ్ నర్సుల) మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లని 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో ఉంది, మీకు మరీ తక్కువిస్తున్నారని ఇంకొకరు. ఆ లెక్కలో ఇరవై ఏళ్ల సర్వీసున్న కాలిఫోర్నియా నర్సులు కూడా ఉంటారని ఆయనకి ఎవరు చెప్పాలి!

ఈవిడ మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ గాలి తీసేసింది. కొత్త నర్సులు రెసిడెన్సీ (మొదట్లో ఇచ్చే శిక్షణ) బ్యాచ్‌గా చేరతారు, బ్యాచ్ మొత్తానికి ఒకటే రేటు, ఒకరికి అర డాలరు పెంచితే మిగతావాళ్లందరికీ జవాబు చెప్పుకోవాలి, అందుకని రిక్రూటర్ చేతిలో ఏమీ ఉండదు అంది. యూనియన్ ఉన్న ఆసుపత్రుల్లో అయితే ఎన్నేళ్ల అనుభవానికి ఎంత జీతమో చెప్పే స్టెప్పుల పట్టికే ఉంటుంది, దాని ముందు బేరం అన్న మాటే లేదు. ఇదివరకు ఎల్‌వీఎన్‌గా (ఆర్ఎన్ కన్నా కింది స్థాయి నర్సుగా) చేసినవాళ్లకి మాత్రం కొన్నిచోట్ల ఆ అనుభవం కలుపుతారట. బేరం ఆడలేని చోట నోరు నొప్పి పెట్టుకోకు, కాగితం మీదకి రా అంది. నాకు నచ్చింది అక్కడే.

కాగితంలో మొదటి తిరకాసు. రిక్రూటర్ ఫోన్‌లో ఏడాదికి 70,720 అంది. అది వారానికి 40 గంటల చొప్పున 2,080 గంటల లెక్క. నేను చేసేది వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, అంటే ఏడాదికి 1,872 గంటలు. చేతికొచ్చేది, అదీ పన్నులకి ముందు, 63,648. ఏడు వేల తేడా! అబద్ధమేం కాదు, కానీ నిజం కూడా పూర్తిగా కాదు.

రెండోది బోనస్. పదివేలని రెండేళ్ల గంటల మీద పరిస్తే గంటకి 2.67 డాలర్లు పడుతుంది. అదే లెటర్‌లో నైట్ డిఫరెన్షియల్, అంటే రాత్రి పనికి అదనంగా ఇచ్చేది, గంటకి 4.50 ఉంది, పైగా దానికి వెనక్కివ్వడమన్నది లేదు. అయినా అందరం పదివేలనే చూస్తాం. పోనీ ఆ పదివేలైనా పూర్తిగా వస్తుందా అంటే, బోనస్ మీద ఫెడరల్ పన్ను సాధారణంగా 22 శాతం, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 7.65 శాతం పట్టుకుంటారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి 7,035 మిగులుతుంది. నా ఒప్పందంలో మాత్రం మధ్యలో మానేస్తే కట్టాల్సింది పూర్తి 10,000. ఇరవై మూడో నెలలో మానేసినా అంతే. తీసుకున్నది ఏడు వేలు, ఇవ్వాల్సింది పది. పట్టుకున్న పన్ను సంగతి మనమే తర్వాత ఐఆర్ఎస్‌తో (ఫెడరల్ పన్నుల శాఖతో) తేల్చుకోవాలి.

ఆవిడ సలహాతో మూడు అడిగాను. పనిచేసిన నెలలకి తగ్గట్టు బాకీ తగ్గాలి, అదే సంస్థలో వేరే యూనిట్‌కి మారితే మానేసినట్టు కాకూడదు, నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఫీజు 200 డాలర్లు ఇవ్వాలి. మొదటి రెండూ రాసిచ్చారు. మూడోదానికి కుదరదన్నారు. కాలిఫోర్నియాలో 2026 జనవరి నుంచి చేసుకునే ఒప్పందాల్లో నెలల లెక్కన తగ్గించడం చట్టమే అడుగుతోందట, ఇక్కడ మనం అడుక్కోవాలి. మెయిల్ దిద్దడం కూడా బాగా చేసింది. నేను రాసిన "దయచేసి పరిశీలించగలరు" తరహా వాక్యాలన్నీ కొట్టేసి నాలుగు లైన్లకి కుదించింది.

ఇక లోటు. నా ఈఏడీ (ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి కార్డు) గడువు ఆ రెండేళ్ల మధ్యలోనే అయిపోతుంది. 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్ అప్లికేషన్లకి, నాలాంటి హెచ్4 వాళ్లకి, ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కొత్త కార్డు రావడం ఆలస్యమైతే ఇంట్లో కూర్చోవాలి. అలా ఆగిపోతే అది "మానేయడం" కిందకొస్తుందా, బోనస్ వెనక్కి కట్టాలా? నాకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. నేను ఎత్తేదాకా ఆవిడ నోట రాలేదు. ఎత్తాక "అది ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి" అని దాటేసింది. వీసా సంగతి లాయర్‌దే, ఒప్పుకుంటాను. కానీ బోనస్ ఒప్పందంలో ఆ ముక్క ఎలా ఉండాలన్నది ఆవిడ పనే కదా. చివరికి నేనే హెచ్ఆర్‌ని అడిగాను. కార్డు కోసం ఆగిన కాలాన్ని జీతం లేని సెలవుగా చూస్తాం, బోనస్ అడగం అని మెయిల్‌లో రాశారు, ఒప్పందంలో మాత్రం పెట్టలేదు. ఆ మెయిల్ ప్రింట్ తీసి పాస్‌పోర్ట్ ఫైల్లో పెట్టాను. బోనస్ మొదటి సగం వచ్చాక కొత్త కార్డు వచ్చేదాకా ముట్టుకోను, మా ఆయన కారు డౌన్ పేమెంట్ అన్నా సరే.

సిటిజన్లకి, గ్రీన్‌కార్డ్ వాళ్లకి ఇది నాలుగున్నర సర్వీసు. ఈఏడీ మీదున్నవాళ్లు ఆ ప్రశ్న ముందే రాసి పంపండి, జవాబు చెప్పగలదో లేదో కనుక్కుని డబ్బు కట్టండి. ఇంకోటి, ఆఫర్ లెటర్‌తో పాటు బోనస్ అగ్రిమెంట్‌ని విడిగా అడిగి తెప్పించుకోండి. నాకు మొదట లెటరే పంపారు. పైన చెప్పిన మెలికలు సగం ఆ రెండో కాగితంలోవే.