హెవీ మెటల్ షోలో జూమ్ ఎఫ్3: రికార్డర్ తట్టుకుంటుంది, మరి మీ మైకు?

జనం మధ్య నిలబడి మెటల్ షోలు రికార్డు చేసేవాళ్లలో జూమ్ ఎఫ్3కి మంచి పేరుంది. 2022లో వచ్చిన ఈ బుల్లి రికార్డర్ రాసేది 32-బిట్ ఫ్లోట్ ఫైళ్లే, అంటే సున్నా డీబీ హద్దు దాటిన శబ్దాన్నీ తెగకుండా దాచుకునేవి. లెవెల్ పెట్టుకునే నాబ్ అసలు లేదు. ‘ఇక క్లిప్పింగ్ (మోత ఎక్కువై శబ్దతరంగం కొన తెగిపోవడం) గొడవే ఉండదు’ అనుకుని కొనేవాళ్లు చాలామంది. రికార్డర్ వరకూ అది నిజమే. మైకు సంగతి వేరు. మెటల్ షోలో చిన్న మైకు చేతులెత్తేశాక ఎఫ్3 చేయగలిగింది ఏమీ లేదు.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్పుకుందాం. మెటల్ షోకి లెవెల్ పెట్టడం ఎప్పుడూ జూదమే. లైట్లు ఆరగానే స్పీకర్లలో ఇంట్రో మ్యూజిక్ వేస్తారు, అది మహా అయితే 85 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. బ్యాండు మొదటి రిఫ్ ఎత్తుకోగానే మోత 105, 110కి ఎగబాకుతుంది. ఇంట్రో చూసి లెవెల్ పెట్టినవాడి మొదటి పాట అక్కడే పోయింది. పైగా సౌండ్ ఇంజనీరు మొదటి రెండు మూడు పాటల్లో మిక్స్ సర్దుకుంటూ వాల్యూమ్ పెంచుకుంటూ పోతాడు. 16-బిట్ డాట్ (డిజిటల్ ఆడియో టేప్) రోజుల్లో పీక్స్, అంటే శబ్దం బాగా ఎగిసే కొనలు, మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా అంచనా వేసి, తర్వాత దేవుడి మీద భారం వేసేవారు. ఎఫ్3లో ఒక్కో ఛానెల్‌కి రెండు ఏడీ కన్వర్టర్లు (శబ్దపు సిగ్నల్ని అంకెలుగా మార్చేవి) ఉంటాయి. ఒకటి సన్నటి శబ్దాలు చూసుకుంటే రెండోది పెద్ద మోత చూసుకుంటుంది. రెండూ కలిపి ఒకే ఫైలు. జూదం పోయింది.

ఇన్‌పుట్ ఎంత తట్టుకుంటుందో లెక్కేసి చూడొచ్చు. మైక్ సెట్టింగ్‌లో దీని హద్దు +4 డీబీయూ (సిగ్నల్ వోల్టేజీని డెసిబెల్స్ లెక్కలో చెప్పే కొలత). డీపీఏ కంపెనీ చిన్న క్లిప్పు మైకు 4061, 94 డెసిబెల్స్ దగ్గర 6 మిల్లీవోల్టులు ఇస్తుంది. 120 డెసిబెల్స్ దగ్గర అది 120 మిల్లీవోల్టులు, అంటే సుమారు మైనస్ 16 డీబీయూ. ఇంకా 20 డీబీ ఖాళీ. దాని అన్న 4060 మూడు రెట్లకు పైగా సెన్సిటివ్, అయినా అదే మోతలో సుమారు మైనస్ 6 దగ్గరే ఉంటుంది. లైన్ సెట్టింగ్‌కి మారిస్తే హద్దు +24 దాకా వెళ్తుంది కానీ మైకులకు దాని అవసరం రాదు. సౌండ్ డెస్క్ నుంచి ఫీడ్ ఇచ్చినప్పుడే అది పనికొస్తుంది.

ఇప్పుడు అసలు తలనొప్పి. కాలరుకో టోపీకో క్లిప్పు పెట్టుకునే చిన్న ఎలక్ట్రెట్ మైకుల లోపల బుల్లి ట్రాన్సిస్టర్ ఒకటుంటుంది. దానికి అందే వోల్టేజీని బట్టే అది ఎంత మోత మోయగలదో తేలుతుంది. జేబు రికార్డర్లు మైకు జాక్ ద్వారా ఇచ్చేది 2-3 వోల్టులే. ఆ కరెంటు మీద మామూలు కాప్సూల్ (మైకులో శబ్దం పట్టే ముక్క) 105-110 డెసిబెల్స్ దాటగానే బేస్ దగ్గర నలిగిపోతుంది. అందుకే పాత టేపర్లు (షోలు రికార్డు చేసేవాళ్లు) 9 వోల్టుల బ్యాటరీ బాక్సు మధ్యలో పెట్టేవారు. ఎఫ్3లో 3.5 మిల్లీమీటర్ల మైకు జాక్ లేదు, ఉన్నవి రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు. వాటికి 24 లేదా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోనే పంపే కరెంటు) ఇవ్వొచ్చు. చిన్న మైకు తగిలించాలంటే ఫాంటమ్‌ని తగ్గించి ఇచ్చే అడాప్టర్లు రెండు కావాలి, ఛానెల్‌కి ఒకటి. స్టీరియో ప్లగ్గు ఉన్న మైకు జంటయితే దాన్ని ఎడమ, కుడిగా విడదీసే వైరు అదనం.

అడాప్టర్ కొనేటప్పుడు చాలామంది ధర చూస్తారు, ఎన్ని వోల్టులు బయటికిస్తుందో చూడరు. అవతల 48 ఉన్నా, ఇవతలికి 3 నుంచి 5 వోల్టులే వదిలే రకాలు మార్కెట్లో ఉన్నాయి. అలాంటిది తగిలిస్తే జేబు రికార్డర్ ఇచ్చేదానికి పెద్ద తేడా ఉండదు. మైకు తయారీదారు అమ్మే అడాప్టరే తీసుకోవడం మంచిది. డీపీఏ చెప్పే 134 డెసిబెల్స్ (4060), 144 డెసిబెల్స్ (4061) పీక్ హద్దులు సరైన పవర్ మీద లెక్కగట్టినవి. మెటల్‌కి మా ఓటు 4061కే. దాని సొంత హిస్ కాస్త ఎక్కువన్నది నిజమే గానీ, డబుల్ బేస్ డ్రమ్ముల కింద ఆ హిస్ ఎవరికి వినపడుతుంది? పక్షుల కూతలు పట్టడానికి తయారైన అతి సెన్సిటివ్ కాప్సూల్స్ మాత్రం ఈ పనికి తీసుకురావద్దు.

మైకు నలిగిందో లేదో చెవికంటే కన్నే ముందు పట్టేస్తుంది. ఫైలుని ఎడిటర్‌లో తెరిచి, కిక్ డ్రమ్ పడిన చోట ఒక సెకను ముక్కని దగ్గరికి లాగి చూడండి. పీక్స్ ఒక్కోటి ఒక్కో ఎత్తులో ఉంటే బాగున్నట్టే. అన్నీ కత్తెర పెట్టినట్టు ఒకే ఎత్తులో, ఉదాహరణకి మైనస్ 14 దగ్గర, ఆగిపోతే అది మైకు పని. రికార్డర్ దానికి అందిందే రాసింది. వేరే ఫైళ్లలో పీక్స్ సున్నాకి పైన ఉండి తెగినట్టు కనిపించొచ్చు. అది ఫ్లోట్ ఫైలు, 8 డీబీ తగ్గించగానే పైభాగం గుండ్రంగా బయటికొస్తుంది. మొదటి రకం దెబ్బని ఏ డీ-క్లిప్పర్ పూర్తిగా బాగుచేయలేదు.

లో-కట్ (కింది శబ్దాలని కోసేసే ఫిల్టర్) ఆఫ్‌లో ఉంచండి. కిందికి ట్యూన్ చేసిన గిటార్లో బి తీగ 62 హెర్ట్జ్, అయిదు తీగల బేస్‌లో బి 31 హెర్ట్జ్. 80 దగ్గర కోత పెడితే సంగీతమే పోతుంది. మైకు కాప్సూల్ నలగడాన్ని కూడా అది ఆపదు, ఎందుకంటే కోత మైకు తర్వాత పడుతుంది. బేస్ మోత మరీ ఎక్కువైతే ఇంటికొచ్చాక 80-160 మధ్య 2-4 డీబీ తగ్గించుకోండి.

శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ చాలు. 32-బిట్ స్టీరియోలో గంటకి 1.38 జీబీ అవుతుంది కాబట్టి మామూలు వేవ్ ఫైలుకున్న 4 జీబీ హద్దులో దాదాపు మూడు గంటల షో పడుతుంది. 96కి వెళ్తే ఫైలు రెట్టింపు, వినిపించే తేడా మాత్రం లేదు.

బ్యాటరీల దగ్గర ఎఫ్3 బలహీనమే. రెండు ఏఏ సెల్స్ మీద నడుస్తుంది, 48 వోల్టులు ఆన్ చేస్తే అవి గబగబా అయిపోతాయి. ఓపెనింగ్ బ్యాండు నుంచీ రికార్డు చేయాలంటే ఆల్కలైన్ మీద ఆధారపడొద్దు. లిథియం సెల్స్ వేసి మెనూలో ఆ రకమే ఎంచుకోండి, లేకపోతే బ్యాటరీ గుర్తు తప్పు చూపిస్తుంది. లేదా యూఎస్‌బీ-సీ పవర్‌బ్యాంకు పెట్టుకోండి. రికార్డర్ సెల్స్‌తో కలిపి పావుకిలోకి కాస్త తక్కువే, కానీ ఎక్స్‌ఎల్‌ఆర్ అడాప్టర్లు బయటికి పొడుచుకొస్తాయి. జీన్స్ జేబులో పట్టదు, నడుముకి చిన్న పౌచ్ ఉండాల్సిందే. రికార్డింగ్ మొదలయ్యాక హోల్డ్ (బటన్లని లాక్ చేసే స్విచ్) మర్చిపోకండి. విడిగా అమ్మే బీటీఏ-1 బ్లూటూత్ అడాప్టర్ తగిలిస్తే ఫోన్‌లోనే లెవెల్ కనిపిస్తుంది, పౌచ్ తెరవాల్సిన పనిలేదు.

నిలబడే చోటు: సౌండ్ డెస్క్‌కి కొద్దిగా ముందు, రెండు స్పీకర్ల వరసలకీ మధ్యగీత మీద. ముందు వరస ఎవరికైనా ఆశగానే ఉంటుంది, అయితే అక్కడ గిటార్ యాంప్లు, డ్రమ్ములే మీద పడతాయి. మెయిన్ స్పీకర్ల శబ్దం తల మీదుగా వెనక్కి పోతుంది, గొంతు వినపడదు. బాల్కనీ కింద నిలబడితే బేస్ బురదైపోతుంది. ఓమ్నీ మైకులు (అన్ని వైపుల శబ్దం పట్టేవి) భుజాల దగ్గర 30-40 సెంటీమీటర్ల ఎడంగా పెట్టుకుని, తల ఆడించినా అవి కదలకుండా చూసుకోండి. టోపీకి పెడితే తల తిప్పినప్పుడల్లా గిటార్లు ఎడమ నుంచి కుడికి దూకుతాయి. స్టాండుకి అనుమతి ఉంటే ముందు వైపు శబ్దమే ఎక్కువగా పట్టే కార్డియాయిడ్ మైకుల జంటని ఓఆర్‌టీఎఫ్‌లో, అంటే 17 సెంటీమీటర్ల దూరం, 110 డిగ్రీల కోణంలో పెట్టడం ఉత్తమం. జనం ఒకరినొకరు గుద్దుకుంటూ గంతులేసే మాష్ పిట్ పక్కన ఏ అమరికా బతకదు.

అనుమతి ముందే కనుక్కోండి. మెటాలికా లాంటి బ్యాండ్లు లాభం చూసుకోని రికార్డింగులని బాహాటంగానే ఒప్పుకుంటాయి. అందరూ అలా కాదు, హాలు నిబంధనలు వేరే.

పంచుకునేటప్పుడు ఒక చిక్కు. నాణ్యత పోకుండా ఫైలుని కుదించే ఫ్లాక్ ఫార్మాట్ ఫ్లోట్‌ని దాచుకోలేదు. ముందు పీక్స్‌ని సున్నా కిందికి దించి, ఆ తర్వాతే 24-బిట్‌కి మార్చండి. క్రమం తిరగబడితే సున్నా పైన ఉన్నదంతా తెగిపోతుంది, ఈసారి అది నిజమైన క్లిప్పింగే. ఎంపీ3 చేసేసి అసలు ఫైలు చెరిపేయొద్దు. ఫైళ్లతో పాటు పెట్టే టెక్స్ట్ నోట్‌లో ‘ఎఫ్3’ అని రాసి ఊరుకోకుండా మైకు పేరు, ఏ అడాప్టర్, అది ఇచ్చే వోల్టులు, నిలబడిన చోటు కూడా రాయండి. రికార్డింగ్ ఎందుకలా వచ్చిందో వినేవాళ్లకి తెలిసేది వాటితోనే.