ఏడేళ్లుగా మా ఇంటిని మోస్తున్న హైడ్రాలిక్ మంచం

మాది కూకట్‌పల్లిలో ఒకే పడకగది ఉన్న ఇల్లు. నలుగురం ఉంటాం. అటక ఒక్కటే, అదీ వంటింట్లో. 2018లో మా అత్తయ్య ఊళ్లో ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశారు. ఆవిడతో పాటు రెండు ట్రంకు పెట్టెలు, ఒక గంగాళం, నాలుగు బొంతలు, బొమ్మల కొలువు బొమ్మలు వచ్చాయి. ఇంకో బీరువా పెడితే గది తలుపు పూర్తిగా తెరుచుకోదు. అందుకని పాత మంచం ఇచ్చేసి, పరుపు కింద సామాను పెట్టుకునే ఈ హైడ్రాలిక్ మంచం కొన్నాం. ఆరడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, లోపల పదకొండు అంగుళాల లోతు. పట్టీ పట్టుకుని లాగితే పరుపుతో సహా పైపలక లేచి నిలబడుతుంది.

చిన్న ఇంటికి ఇంతకంటే పనికొచ్చే సామాను నేను ఇంకోటి కొనలేదు. కాకపోతే రోజువారీ వస్తువులకు ఇది పనికిరాదు. మొదటి ఏడాది మా అమ్మాయి బడి బట్టలు, ఇస్త్రీ పెట్టె కూడా అందులోనే పెట్టాను. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చిన అత్తయ్యను లేపి మరీ తీయాల్సి వచ్చేది. ఆవిడ ఏమీ అనేవారు కాదు గానీ నాకే ప్రాణం ఒప్పేది కాదు. ఇప్పుడు ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరపడేవే ఉంచుతున్నాను. కొలువు బొమ్మలు భోగికి బయటికొస్తాయి. వాటిలో కొండపల్లివి తెల్ల పొణికి కర్రవి, తేలిక. పాత పంచె ముక్కల్లో ఒక్కోదాన్ని చుట్టి అట్టపెట్టెలో పెడతాను. ఇన్నేళ్లలో ఒక్కదానికీ రంగు రాలలేదు.

గంగాళంతో మాత్రం దెబ్బతిన్నాం. మంచం చుట్టూ చెక్క గట్టిదే గానీ అడుగున వేసింది పల్చటి పలక. ఇత్తడి బరువుకి అది కుంగి నేలకు ఆనింది. ఇల్లు తుడిచిన తడంతా పీల్చుకుంది. మాది కింది అంతస్తు, వానాకాలంలో ఎలాగూ నెమ్ము ఉంటుంది. ఒకరోజు తెరిస్తే బూజు వాసన గుప్పుమంది. అడుగున ఉన్న రెండు బొంతలు పారేయాల్సి వచ్చింది. అత్తయ్య తన చేత్తో కుట్టినవి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత కార్పెంటర్ చేత కింద చెక్క బద్దలు బిగింపించి, పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించాం. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు పెట్టించాం. మీరు కొనేటప్పుడు దుకాణంలో పైన పాలిష్ చూడటం కాదు, మూత ఎత్తి అడుగు పలక మీద చెయ్యి పెట్టి నొక్కి చూడండి. చెక్కపొట్టు నొక్కి చేసిన పలక అయితే వద్దు. తడి తగిలితే ఉబ్బుతుంది, స్క్రూలు పట్టు వదిలేస్తాయి. బీడబ్ల్యూఆర్ రకం, అంటే తడిని తట్టుకునే ప్లైవుడ్ అడిగి తీసుకోండి.

బట్టల సంగతి. గంజి పెట్టిన నూలు చీరలు అలాగే పెడితే వెండిరంగులో సర్రున జారిపోయే పురుగులు చేరతాయి, వాటికి గంజే తిండి. అందుకే గంజి పోయేలా ఉతికి, బాగా ఎండబెట్టి పెడతాను. బొంతలకు గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచులు బాగా కలిసొచ్చాయి, సగానికి సగం చోటు మిగిలింది. పట్టుచీరలు మాత్రం వాటిలో పెట్టకండి, మడతల దగ్గర జరీ విరుగుతుంది. కలరా ఉండలు కూడా జరీకి తగలనివ్వను, గుడ్డలో మూటకట్టి మూలన పెడతాను. ఇంకొకటి, పైపలక లోపలి వైపు ఏ మూల ఏముందో రాసి కాగితం అతికించాను. మావారికి కూడా నన్ను అడగకుండా వస్తువు దొరుకుతోంది.

ఇక పైపలకకు రెండు పక్కలా ఉండే రాడ్లు. పేరుకి హైడ్రాలిక్ అంటారు గానీ పలకను ఎత్తేది లోపల నొక్కిపెట్టిన నైట్రోజన్ వాయువు. ఎన్ని న్యూటన్ల బలమో రాడ్డు మీదే రాసి ఉంటుంది. అది మీ పరుపు బరువుకి సరిపోవాలి. మాది కొబ్బరిపీచు పరుపు, బాగా బరువు. నాలుగేళ్లకు రాడ్లు మెత్తబడి, తెరిచిన పలక నెమ్మదిగా కిందికి దిగడం మొదలైంది. ఒకసారి నా మోచేతి మీద పడింది. లోపల మా అమ్మాయి తల ఉంటే ఏమయ్యేదోనని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పలక నిలబడట్లేదని తెలిసిన రోజే మార్పించండి, రెండూ కలిపే మార్పించండి. మార్చేటప్పుడు పలకకు కర్ర ఊతం ఉండాలి. పరుపు తీసేసి మూత తెరవొద్దు, బరువు లేక ఎగిరొచ్చి మొహానికి తగులుతుంది.

ఏటా ఇల్లు మారే వాళ్లకు నేను దీన్ని చెప్పను. విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ స్క్రూ రంధ్రాలు వదులవుతాయి.

కొత్త రాడ్లు బిగించాక పలక ఒక్క చేత్తో లేస్తోంది. మొన్న భోగికి బొమ్మల పెట్టె అత్తయ్యే తీసుకున్నారు, నన్ను పిలవలేదు.