పితృవంశం వెతకడానికి ఏది మేలు: వై-ఎస్‌టీఆర్ పరీక్షా, పూర్తి జీనోమా?

బెంగళూరు మారతహళ్లిలో స్థిరపడ్డ ఒకే ఇంటిపేరు కుటుంబాలు దాయాదులేనా అని తేల్చుకోవడానికి 37 మార్కర్ల వై-ఎస్‌టీఆర్ పరీక్ష చవక, మంచిది కూడా. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్‌లో చిన్న డీఎన్‌ఏ వరసలు ఎన్నిసార్లు పునరావృతమయ్యాయో ఇది లెక్కిస్తుంది. పురాతన డీఎన్‌ఏతో పోలికకు మాత్రం అది అక్కరకు రాదు. వేల ఏళ్ల నాటి ఎముకలో మిగిలేవి చాలావరకు వంద డీఎన్‌ఏ అక్షరాల లోపు ముక్కలు. పునరావృతాల లెక్క వాటిలో నిలవదు. పోల్చాల్సింది ఎస్‌ఎన్‌పీలనే, అంటే ఒక్క అక్షరం మారిన చోట్లనే.

అందుకే 30ఎక్స్ (ప్రతి అక్షరాన్నీ సగటున 30 సార్లు చదివే) పూర్తి జీనోమ్ చేయించండి. చాలా క్రోమోజోమ్‌లు జంటలుగా ఉంటే మగవాడిలో వై ఒక్కటే కాబట్టి దాని వంతు దాదాపు 15ఎక్స్; అది చాలు. చదివిన ముక్కలన్నీ ఉండే బ్యామ్ ఫైలు తప్పకుండా అడిగి తీసుకోండి. మానవ జీనోమ్ ప్రామాణిక పటానికి రెండు వెర్షన్లైన హెచ్‌జీ19, హెచ్‌జీ38లలోని స్థానాలు కలగాపులగమైతే ఎల్-ఎం27 అనే పితృవంశ కొమ్మ వాడు వేరే కొమ్మలో తేలతాడు.

అసలు చిక్కంతా పురాతన నమూనా వైపే. ముక్కల చివర్లలో సీ అనే డీఎన్‌ఏ అక్షరం పాడై టీగా కనిపిస్తుంది. ఒకే ఒక్క రీడ్‌లో (యంత్రం చదివిన ఒక ముక్కలో) దొరికిన సీ-టీ మార్పును నమ్మి కొమ్మ ఖాయం చేయకండి. ఆ కొమ్మకు పై స్థాయి ఎస్‌ఎన్‌పీలూ మారాయేమో చూడండి. ముందే ఎంచుకున్న స్థానాలనే చదివే 1240కే పద్ధతి చూసే వై స్థానాలు సుమారు 32 వేలే. ఆర్-జెడ్93 అనే కొమ్మ దగ్గర ఆగిన నమూనాకు కింది కొమ్మ లేదని కాదు, అక్కడ చూడలేదని అర్థం. 2019లో వెలువడ్డ, హర్యానాలోని సింధు నాగరికత స్థలం రాఖీగఢీ జీనోమ్ స్త్రీది. అందులో వై వెతకడం దండగ.