మొదటి సరుకుగా ఏది మేలు: ఆవకాయా, కందిపొడా?

మామిడికాయలు బజారులోకి దిగే వేళకు ఈ ప్రశ్న అడిగేవారు పెరుగుతారు. "ఇంట్లో చేసి సొంత పేరుతో అమ్మాలనుకుంటున్నాం. పచ్చళ్లతో మొదలుపెట్టాలా, పొడులతోనా?" అడిగేవారిలో ఎక్కువమంది చేయి తిరిగినవారే. ఆవకాయ కలపడం, కందిపొడి కొట్టడం వారికి నేను నేర్పనక్కరలేదు. ఎందులో లాభం ఎక్కువ అన్నది కూడా నా దృష్టిలో తర్వాతి మాటే. ముందు తేల్చుకోవలసింది ఇది: మీ సరుకులో లోపముంటే అది మీకు ఎన్నాళ్లకు తెలుస్తుంది? తెలిశాక దిద్దుకునే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది?

ఆవకాయను ఈ లెక్కన చూడండి. ఏప్రిల్, మే నెలల్లో కాయ కొట్టించి కలుపుతారు. మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తారు. అప్పటికి తెలిసేది ఉప్పూ కారమూ సరిపోయాయా లేదా అన్నంత వరకే. ముక్క గట్టిగా నిలుస్తుందా, ముక్కను టెంక పట్టుకుని ఉంటుందా, ఆవఘాటు ఏ మేరకు తగ్గుతుంది, ఎరుపు నలుపుకు తిరుగుతుందా అన్నవి వర్షాకాలం నడిమికి గాని బయటపడవు. ముక్క మెత్తబడిందని సెప్టెంబరులో తెలిసిందనుకుందాం. కాయకు టెంక సరిగా ముదరలేదా, కడిగిన తడి పూర్తిగా ఆరలేదా, ఉప్పు తగ్గిందా? అనుమానాలు మూడున్నాయి. తేల్చుకోవడానికి కాయ ఏది? వచ్చే వేసవి దాకా ఆగాలి. ఏడాదికి ఒక్క పరీక్ష అన్నమాట. ఆ ఒక్క పరీక్షా అప్పటికే డబ్బిచ్చి కొన్నవారి ఇళ్లలో జరుగుతూ ఉంటుంది.

కందిపొడికి అన్ని కాలాలూ ఒకటే. ఆదివారం కొట్టిన పొడి మీద వారం తిరగకముందే నలుగురి మాట వినవచ్చు. జీలకర్ర ఎక్కువైందంటే వచ్చే వారం తగ్గించి చూడవచ్చు. కిలో పప్పుతో జరిగే పని కాబట్టి పాడైనా పెద్ద నష్టం లేదు. వేసవి నుంచి దసరాలోపు ఒక పొడిని ఎన్నిసార్లు మార్చి చూడవచ్చో లెక్కేయండి. అదే కాలంలో ఆవకాయ ఒక్క మెట్టు కూడా ముందుకు కదలదు. నేను పొడి వైపు మొగ్గడానికి అసలు కారణం ఇదే. మిగతావన్నీ దీని వెనక వచ్చేవే.

అయితే పరీక్ష అంటే నలుగురికి రుచి చూపించడం కాదు. మొదట కొలత తేలాలి. మన వంటిళ్లలో కొలతంతా గిన్నెతోనే. ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు సమపాళ్లంటే గిన్నెకు గిన్నె. కానీ దంచిన కల్లుప్పు గిన్నెడు ఒక బరువు, ప్యాకెట్టు మెత్తని ఉప్పు గిన్నెడు మరో బరువు. ఇంట్లోకైతే చెయ్యి సర్దేస్తుంది. అమ్మేదానికి అలా సర్దితే ఒక్కో సీసా ఒక్కో రుచి. గ్రాములు చూపే చిన్న కాటా కొని, ప్రతి తడవా ఏది ఎంత వేశారో, పప్పు ఎంతసేపు ఏ మంట మీద వేగిందో పుస్తకంలో రాయాలి. తడవకు ఒక్కటే మార్చాలి. జీలకర్రా తగ్గించి, మిర్చి రకమూ మారిస్తే ఏ మార్పు పనిచేసిందో ఎవరూ చెప్పలేరు.

రుచి చూపించేటప్పుడు వేడి అన్నం, నెయ్యి మాత్రం పెట్టకండి. ఆ రెంటి మధ్య ఏ పొడైనా బాగుంటుంది. నెయ్యి లేకుండా ఇడ్లీతోనో, చల్లారిన అన్నంతోనో పెడితే పప్పు మాడిన చేదూ ఉప్పు తేడా దాగవు. పాత వంటకానికీ కొత్తదానికీ నిజంగా తేడా ఉందా అని తెలుసుకోవడానికి ఆహార పరిశ్రమలో వాడే ఒక పద్ధతి ఇంట్లోనూ చక్కగా పనికొస్తుంది. మూడు గిన్నెల్లో పొడి పెట్టండి. రెంటిలో ఒకే రకం, మూడోదానిలో వేరేది. ఏది వేరో చెప్పమనండి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరి మాట నిజమవుతుంది. కాబట్టి పన్నెండుమందిలో నలుగురు సరిగ్గా చెబితే అందులో విశేషమేమీ లేదు. ఎనిమిదిమంది చెప్పగలిగితే తేడా నాలుకకు అందుతున్నట్టే. కొత్త మిర్చి అయిపోయి శీతల గిడ్డంగి సరుకు వచ్చినప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. రంగు, ఘాటు రెండూ మారతాయి.

నిల్వ పరీక్ష దీనికంటే ముఖ్యం, దీనికి శ్రమా తక్కువే. ఒకే తడవ పొడిని నాలుగైదు ప్యాకెట్లు చేయండి. ఒకటి అల్మరాలో, ఒకటి కిటికీ దగ్గర వెలుతురులో, ఒకటి పొయ్యి గట్టు పక్కన వేడిలో ఉంచండి. ఇంకొకటి రోజూ తెరిచి తడి చెంచా పెట్టి మళ్లీ మూయండి, కొన్నవారు చేసేది అదే కదా. వారానికోసారి వాసన, రంగు, ఉండ కట్టడం చూసి రాసుకోండి. ఆ తడి చెంచా ప్యాకెట్టు ఎన్నాళ్లు నిలిచిందో చూసి, అందులోంచి కొంత తగ్గించి గడువు వేయడం మంచిది. పక్కింటి బ్రాండు ఆరు నెలలు వేసింది కదా అని మనమూ ఆరు నెలలు వేసుకోవడం కుదరదు.

ఏ పొడి అన్నదీ ఇక్కడే తేలుతుంది. వేరుశనగలోనూ నువ్వులోనూ దాదాపు సగం బరువు నూనే. గాలి తగిలితే ఆ నూనె ముక్క వాసన కొడుతుంది. అవిసె గింజల పొడి ఇంకా తొందరగా చెడుతుంది. కందిపప్పులో నూనె నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. దానికి శత్రువు తేమ ఒక్కటే, తేమను మంచి ప్యాకెట్టు ఆపగలదు. కరివేపాకు పొడి, మునగాకు పొడి రుచికి నిలిచినా వెలుతురులో పచ్చదనం పోతుంది, పారదర్శకమైన కవరు వాటికి పనికిరాదు. వెల్లుల్లి పచ్చిగా దంచి వేసే అలవాటుంటే ఆ రకాన్ని వేరుగా పరీక్షించండి. ఆ తడి మొత్తం పొడి లెక్కను మార్చేస్తుంది. మొదటి సరుకుగా వెల్లుల్లి లేని కందిపొడికే నా ఓటు.

ఇక రుచి చెప్పేదెవరు? పిన్నికీ వదినకూ పంపితే "చాలా బాగుంది" అనే మాటే తిరిగి వస్తుంది. అది ప్రేమ. దాన్నుంచి వ్యాపారానికి పనికొచ్చేది ఏమీ లేదు. "ఎలా ఉంది?" అని అడిగే బదులు మూడు వారాల తర్వాత "ఎంత మిగిలింది?" అని అడగండి. సగం ప్యాకెట్టు అలాగే ఉంటే జవాబు దొరికినట్టే. పరిచయం లేనివారు పూర్తి ధర ఇచ్చి, తగ్గింపు అడగకుండా రెండోసారి తెప్పించుకుంటే పరీక్ష గట్టెక్కింది. పొడి నెలలోపు అయిపోతుంది కాబట్టి ఆ రెండో ఆర్డరు వచ్చిందీ రానిదీ వెంటనే తెలుస్తుంది. కిలో ఆవకాయ కొన్నవారు మళ్లీ కొనేది మరుసటి ఏడాదే.

ఆవకాయ పక్షాన చెప్పవలసింది తక్కువేమీ కాదు. కందిపొడి ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. బెంగళూరులో ఉన్నవారికైనా డల్లాస్‌లో ఉన్నవారికైనా రాత్రి గుర్తొచ్చేది ఆవకాయే. ఫలానా ఇంటి ఆవకాయ అని పేరు పడిందంటే ధర గురించి బేరమాడరు. ఉప్పు, పులుపు, నూనె మూడూ కలిసి దానికదే కాపలా కాసుకుంటుంది. ముక్కల మీద నూనె తేలాలని పెద్దలు ఊరికే అనలేదు. నూనె పచ్చళ్లకు కనీసం అర సెంటీమీటరు నూనె పొరైనా, నూటికి పది పాళ్ల నూనైనా ఉండాలని మన ఆహార ప్రమాణాలూ చెబుతున్నాయి.

చిక్కంతా ఆ నూనెతోనే. సీసా కొరియర్‌లో పక్కకు ఒరిగిందంటే నూనె మూత దాటి అట్టపెట్టె దాకా వస్తుంది. గాజు సీసా పగలకుండా చుట్టాలి, ఆ చుట్టే సరంజామా బరువుకు కూడా మనమే కట్టాలి. కొరియర్ ధరలు మామూలుగా అరకిలో మెట్లుగా ఉంటాయి. అరకిలో ఆవకాయ సీసాతో కలిపి రెండో మెట్టు ఎక్కుతుంది. 200 గ్రాముల పొడి ప్యాకెట్లు రెండు మొదటి మెట్టులోనే వెళ్లిపోతాయి. పెట్టుబడి సంగతీ చూడాలి. కాయ, కారం, ఆవాలు, నువ్వుల నూనె అన్నీ కొద్ది వారాల్లో కొనాలి, అమ్మకం మాత్రం ఏడాది పొడవునా సాగుతుంది.

ఆవకాయ మీద మనసున్నవారు ఈ వేసవిని వదులుకోనక్కరలేదు. కాలం ఒక్కసారే వస్తుంది కాబట్టి పరీక్షలను వరసగా కాక పక్కపక్కన పెట్టండి. ఒకే రోజు చిన్న జాడీలు నాలుగు కలపండి. మొదటిది మీ మామూలు కొలతతో. రెండోదానిలో కాయ రకం మార్చండి, చిన్నరసం బదులు కొత్తపల్లి కొబ్బరి వేయండి. మూడోదానిలో ఉప్పు, నాలుగోదానిలో నూనె మార్చండి. చీటీ అంటించి దాచండి. నెలకోసారి నాలుగూ తీసి చూస్తే, నాలుగేళ్లలో తెలిసేది ఏడాదిలో తెలుస్తుంది. వాటిలో ఒక్కటీ అమ్మకండి. ఈలోగా పొడులు కొని తిన్నవారే వచ్చే ఏడు మీ ఆవకాయకు మొదటి వరసలో ఉంటారు.

గోంగూర, అల్లం, నిమ్మకాయ పచ్చళ్లు మధ్యే మార్గం. కాలంతో పని లేదు, పరీక్ష త్వరగానే తెములుతుంది. కాని నూనె, సీసా, కొరియర్ తలనొప్పులు ఆవకాయవే. రెండో సరుకుగా సరిపోతాయి.

ఏది ఎంచుకున్నా లేబులు పని ఒకటే. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించి ఆ 14 అంకెల సంఖ్య, శాకాహారపు పచ్చ గుర్తు, దినుసులు ఎక్కువ బరువు నుంచి తక్కువకు వరసగా, నికర బరువు, ధర, తయారీ తేదీ, గడువు, చిరునామా వేయాలి. తడవ సంఖ్య కూడా వేయాలి, మీ పుస్తకంలోని తడవకూ ఫిర్యాదు వచ్చిన ప్యాకెట్టుకూ లంకె అదే. పొడిలో వేరుశనగ ఉంటే విడిగా చెప్పాలి. అమెరికాకు వెళ్లే సరుకైతే నువ్వులూ చెప్పాల్సిందే. 2023 నుంచి అక్కడి చట్టం నువ్వులనూ అలర్జీ దినుసుల్లో చేర్చింది. గడువు మీద నమ్మకం కుదరకపోతే, ప్రయోగశాలలను పరిశీలించి ధ్రువీకరించే జాతీయ సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు నమూనా పంపవచ్చు, కాని ఇంటి పరీక్షలో నెగ్గాకే. ముందే పంపితే ఖర్చు దండగ.

మిఠాయిల గురించీ అడుగుతున్నారు. సున్నుండలు, అరిసెలు పండగలకు బాగానే పోతాయి, తర్వాత చప్పబడతాయి. పూతరేకులు దారిలో పొడైపోతాయి. పైగా ఆత్రేయపురం పూతరేకులకూ బందరు లడ్డుకూ భౌగోళిక గుర్తింపు ఉంది, ఎక్కడో చేసి ఆ ఊరి పేరు పెట్టి అమ్మడం కుదరదు. వడియాలు, అప్పడాలు బరువు తక్కువ, విరిగిపోవడం ఎక్కువ.

చికెన్, రొయ్యల పచ్చళ్లకు ఇప్పుడు గిరాకీ బాగా ఉంది, వాటితోనే మొదలుపెడతామనేవారూ ఉన్నారు. వద్దంటాను. మామిడికాయ పులుపు కాయలోనే ఉంటుంది, మాంసానికి మనం నిమ్మరసం పోసి తేవాలి. ఆ పులుపు ముక్క లోపలి దాకా దిగి, పులుపు పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 4.6 కంటే తగ్గకపోతే, నూనె కింద గాలి తగలని చోట బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమికి అనువైన స్థలం దొరుకుతుంది. దాని విషం రుచికీ వాసనకూ తెలియదు. పీహెచ్ మీటరు, ప్రయోగశాల నివేదిక లేకుండా దాన్ని మొదటి సరుకుగా ఎవరికీ పంపకండి, చుట్టాలకైనా సరే.