ఆవకాయకి గిన్నె, కేకుకి కాటా

పోయినేడాది ఆవకాయ నా చేతుల్లోనే పాడైంది. "ఐదు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పాతిక గిన్నె ఉప్పు" అని అమ్మ ఫోన్‌లో చెప్పింది. కొత్తగా కాటా కొన్న హుషారులో గిన్నె అంటే 250 గ్రాములని లెక్కేసి, ముక్కలతో సహా అన్నీ తూచి కలిపాను. నోరు మండిపోయేంత కారం, చప్పటి ముక్కలు. నెల తిరక్కుండానే జాడీలో తెల్లటి బూజు.

అమ్మ కొలత తప్పు కాదు, నా మార్పిడి తప్పు. 240 మిల్లీలీటర్ల గిన్నెలో కారం 120 గ్రాముల చుట్టూ పడితే, మెత్తటి ఉప్పు 280 దాటుతుంది. ముక్కల మధ్య బోలెడంత ఖాళీ ఉంటుంది కాబట్టి అవి గిన్నెకి 150 గ్రాములు పడితే గొప్ప. అన్నిటికీ ఒకే 250 వేసేసరికి ముక్కల బరువుకి ఉండాల్సిన ఉప్పు దాదాపు సగానికి పడిపోయింది.

సోల, తవ్వ, మానిక కూడా పాత్ర నిండా పట్టేదాన్ని కొలిచేవే. అన్నిటికీ ఒకే పాత్ర వాడితే అది చిన్నదైనా పెద్దదైనా వంట చెడదు. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు. ఇక్కడ కాటా తీయడం దండగ.

మైదా దగ్గరకొస్తే గిన్నెని అస్సలు నమ్మను. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 145 గ్రాములు, చెంచాతో వదులుగా నింపి పైన చాకుతో గీస్తే 120. మూడు కప్పుల కేకుకి 75 గ్రాముల తేడా, అంటే గొంతు దిగని కేకు. పైగా కప్పుల్లోనూ రకాలున్నాయి: అమెరికా కప్పు దాదాపు 240 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, రైస్ కుక్కర్‌తో వచ్చేది 180. డల్లాస్‌లో ఉన్న మా వదిన పంపిన రెసిపీని నేను కుక్కర్ కప్పుతో కొలిచిన సంగతి ఇంకోసారి చెప్తాను. ఇప్పుడైతే అమెరికా కప్పుకి మైదా 120, పంచదార 200, వెన్న 227 గ్రాములని రాసి పెట్టుకుని తూస్తున్నాను. నూనెకి లెక్క కూడా అక్కర్లేదు, లీటరు ప్యాకెట్ మీదే 910 గ్రాములని ఉంటుంది.

ఈస్టు, వంటసోడా మాత్రం చెంచాతోనే. రెండు మూడు గ్రాముల దగ్గర నా కాటా ఒకసారి రెండంటుంది, ఇంకోసారి నాలుగంటుంది.

మళ్లీ ఆవకాయ సంగతి. కల్లుప్పు ఎండబెట్టి దంచితే గిన్నెకి ఒక బరువు, ప్యాకెట్ ఉప్పయితే ఇంకో బరువు. అందుకే ఈసారి అమ్మ ఇంట్లో, అమ్మ గిన్నెతోనే కొలిచి, ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి రాసుకున్నాను. రెట్టింపు పెట్టాలన్నా ఇక గిన్నెలు లెక్కపెట్టక్కర్లేదు. అమ్మ కాగితం అంతా చదివి, "కాయ పులుపు ఎక్కడ రాశావే?" అంది. దానికి కాటా లేదు. మూడోనాడు తిరగకలిపేటప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకుని, అప్పుడు ఉప్పు సర్దాలి. పోయినేడాది కాటా మీద నమ్మకంతో నేను ఎగ్గొట్టిన పని అదే.