పీటర్‌బరో, కింగ్‌స్టన్, ఓషావా: లిస్టులో లేని కుర్రాళ్ళ కోసం నాలుగు రోజులు

ముందే చెప్తున్నా, సరస్సు ఒడ్డున ఫొటోలు దిగే ట్రిప్ కాదిది. "ఫిబ్రవరిలో కింగ్‌స్టన్ ఏంట్రా, గడ్డకట్టుకుపోడానికా" అని గుంటూరు నుంచి మా అమ్మ కూడా ఫోన్లో అడిగింది. మేం కెనడాలో ఒంటారియోలోని ఈ మూడు ఊళ్ళకి వెళ్ళింది ఐస్ హాకీ ఆడే జూనియర్ కుర్రాళ్ళని చూడ్డానికి, అదీ పేరున్నవాళ్ళని కాదు.

సంగతేంటంటే మా ఆఫీసులో ఆరుగురం ప్రతి జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్ (ఇక్కడి పెద్ద హాకీ లీగ్ టీములు వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే తంతు) ముందు ఒక పందెం వేసుకుంటాం. డ్రాఫ్ట్ 7 రౌండ్లు, 32 టీములు, మొత్తం 224 మంది కుర్రాళ్ళు. మొదటి రెండు రౌండ్లలో పోయే 64 మంది గురించి టీవీలో పొద్దస్తమానం వాళ్ళే చెప్తారు, అందులో మన గొప్పేముంది, అందుకే మా రూల్ ప్రకారం వాళ్ళని ముట్టుకోకూడదు. మిగతా 160 మందిలోంచి ఒక్కొక్కళ్ళం అయిదుగురిని ఏరాలి, లెక్క తేలేది అయిదేళ్ళకి, గెలిచినోడికి కాస్ట్‌కో గిఫ్ట్ కార్డు. ఇలా ఎవరి కంటా పడకుండా ఉండి తర్వాత పెద్దాడయ్యేవాణ్ణి ఇక్కడ స్లీపర్ అంటారు. పోయినసారి నేను అంకెలు చూసి ఏరాను, చిట్టచివర నిలిచాను.

ఇంట్లో కూర్చుని స్ట్రీమింగ్‌లో చూడొచ్చు కదా అంటారు. చూడొచ్చు, కానీ కెమెరా పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) వెంటే పరిగెడుతుంది, మనకి కావాల్సింది పక్ లేనప్పుడు వాడేం చేస్తున్నాడన్నది. డెట్రాయిట్ టీము వాళ్ళు తర్వాత స్టార్లయిన ఇద్దర్ని, 1998లో 171వ నంబర్లో డాట్సుక్‌ని, 1999లో 210వ నంబర్లో జెట్టర్‌బర్గ్‌ని పట్టారంటే వాళ్ళ యూరప్ స్కౌట్ (కుర్రాళ్ళని వెతికిపెట్టేవాడు) హోకన్ ఆండర్సన్ ఊళ్ళు పట్టుకుని తిరిగి చూడబట్టే కదా. ఆయనంత కాకపోయినా 401 హైవే మీద నాలుగు రోజులు తిరగలేమా అని మా పదకొండేళ్ళవాణ్ణి వేసుకుని గురువారం మధ్యాహ్నం మిస్సిసాగాలో బయల్దేరా. శుక్రవారం వాడికి పీఏ డే (టీచర్లకే పని, పిల్లలకి సెలవు), స్కూల్ ఎగ్గొట్టింది ఒక్క పూటే, ఆ మాట వాళ్ళమ్మకి కూడా గుర్తుచేస్తున్నా.

రోడ్డు మాట ఒకటి. గురువారం సాయంత్రం 401 ఎక్కితే మ్యాచ్‌లో మొదటి పీరియడ్ (మూడు భాగాల్లో ఒకటి) మర్చిపోవాల్సిందే, 407 పట్టుకున్నా. పికరింగ్ దాకా టోల్ వాచిపోతుంది, అక్కణ్ణుంచి 115 కలిసేదాకా ఉన్న ముక్కకి మాత్రం 2025 జూన్ నుంచి టోల్ తీసేశారు, రోడ్డు ఖాళీగా హాయిగా ఉంది.

పీటర్‌బరోలో రింక్ (ఐస్ మైదానం) పేరు మెమోరియల్ సెంటర్, 1956 నాటి బిల్డింగ్. లోపలికి అడుగు పెట్టగానే పాప్‌కార్న్, తడి గ్లవ్స్, పాత చెక్క కలిసిన వాసన, మావాడు ముక్కు మూసుకున్నాడు, నాకు బాగుంది. ఐస్‌కి ఆనుకుని ఉండే సీట్లు కొనకండి, అద్దం మీద గుద్దుకునే చప్పుడు తప్ప ఆట అర్థం కాదు. పైన మూలకి వెళ్ళండి, చవక, పైగా ఐస్ మీదున్న అయిదుగురూ ఒకేసారి కనిపిస్తారు. నిజం స్కౌట్లు కూడా అలాంటి మూలల్లోనే ఉంటారు, నల్ల జాకెట్, చేతిలో కాగితం, గోల్ పడినా చప్పట్లు కొట్టరు. వాళ్ళు ఎటు చూస్తున్నారో నేను చూస్తూ కూర్చున్నా, ఇదీ ఒక పద్ధతే.

ఈ రింక్‌లో ఆడినవాడే నిక్ రాబర్ట్‌సన్. డ్రాఫ్ట్‌కి వెళ్ళాలంటే ఆ ఏడు సెప్టెంబర్ 15కి 18 నిండాలి, వాడు 2001 సెప్టెంబర్ 11న పుట్టాడు. ఇంకో అయిదు రోజులు ఆగి పుట్టుంటే 2020 డ్రాఫ్ట్‌కి వెళ్ళేవాడు, అప్పటికి తన బ్యాచ్‌లో అందరికంటే పెద్దాడయ్యేవాడు. 2019లో టొరంటో వాళ్ళు 53వ నంబర్లో తీసుకున్నారు, ఆ వెంటనే సీజన్లో ఇక్కడి టీముకే 46 మ్యాచుల్లో 55 గోల్స్ కొట్టాడు. రెండో రౌండ్ కాబట్టి మా పందెంకి పనికిరాడనుకోండి, కానీ లెక్క అదే. ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా ఉంటుంది, పదిహేడేళ్ళ వయసులో ఏడాదంటే ఎత్తులో, కండలో బోలెడు తేడా. అందుకే నా కాగితంలో పేరు పక్కన మొదటి గడి పుట్టినరోజుది. మావాడు డిసెంబర్‌లో పుట్టాడు, పిల్లల హాకీలో ఏడాది జనవరి 1తో మొదలవుతుంది, టీములో ఎప్పుడూ వాడే పొట్టి, కాబట్టి ఈ పాఠం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హోటల్ సంగతి. ఊరి బయట చెయిన్ హోటల్, పేరెందుకులెండి, టాక్స్ కాక 149 డాలర్లు. చలికాలం వీకెండ్లలో ఈ ఊళ్ళల్లో ఏ హోటలైనా పిల్లల టోర్నమెంట్ టీములతో నిండిపోతుంది, గురువారమే రెండు టీములు దిగాయి. రాత్రి పదకొండున్నరకి కారిడార్లో చిన్న ప్లాస్టిక్ స్టిక్కులతో మినీ హాకీ, మా తలుపే వాళ్ళ గోల్ పోస్టు. కంప్లైంట్ ఇద్దామని తలుపు తీస్తే నా వెనకనుంచి మావాడు సాక్స్‌తో బయటికి దూకి వాళ్ళల్లో కలిసిపోయాడు, ఇంక నేనేం మాట్లాడతాను. పొద్దున ఏడింటికల్లా వాఫుల్ పిండి అయిపోయింది, అడిగితే "రేపు రండి" అన్నారు. రేపు మేమెక్కడుంటాం? ఇంటినుంచి తెచ్చిన పులిహోర ఆదుకుంది.

కింగ్‌స్టన్ రింక్ పేరు స్లష్ పపీ ప్లేస్, మావాడు రోజంతా ఆ పేరు తలచుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఊరి నడిబొడ్డున ఉంది, హోటల్లో కారు వదిలేసి నడుచుకుంటూ వెళ్ళొచ్చు, అందుకే ఇక్కడ రెండు రాత్రులు తీసుకున్నా. డౌన్‌టౌన్‌ హోటల్ 190 దాటింది, పార్కింగ్ వేరే, కానీ గోడలు మందం, హీటర్ చప్పుడు లేదు, కౌంటర్లో అమ్మాయి మంచు గీకే బ్రష్ తనే తెచ్చిచ్చింది. డబ్బులు గిట్టాయి.

నిక్ వాళ్ళన్న జేసన్ రాబర్ట్‌సన్ ఇక్కడే ఆడాడు. స్కేటింగ్ నెమ్మది, స్కేటింగ్ నెమ్మది అని అందరూ ఒకే పాట పాడి 2017 డ్రాఫ్ట్‌లో 39వ నంబర్ దాకా జారనిచ్చారు, 2022-23లో డల్లాస్ టీముకి 109 పాయింట్లు (గోల్స్, గోల్‌కి ఇచ్చిన పాస్‌లు కలిపి) చేశాడు. బ్రేడెన్ పాయింట్ అనే ఆటగాడి కథా ఇలాంటిదే, అక్కడ సాకు ఎత్తు తక్కువని, 2014లో 79వ నంబర్. ఒక్క లోపం అందరి నోళ్ళల్లో నానిందంటే ఇంక మిగతా గుణాలు ఎవరూ చూడరు, మనం దూరాల్సింది అక్కడే.

ఇక ఈ ట్రిప్పులో నాకు దొరికింది ఇక్కడే. పదిహేడేళ్ళ పిల్లాడు, పేరు చెప్పను, పందెం ఉంది మరి. డిఫెన్స్‌లో మూడో జోడీ (అందరికంటే తక్కువ ఆడించేది), పవర్ ప్లేలో (అవతలి టీములో ఒకడు తగ్గినప్పుడు) దింపరు, పాయింట్లు చూస్తే జాలేస్తుంది. జనవరిలో ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళ సెంట్రల్ స్కౌటింగ్ మిడ్‌టర్మ్ లిస్టు వస్తుంది కదా, అందులోనూ లేడు. కానీ పక్ వాళ్ళ గోల్ వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ, దాన్ని అందుకునేలోపు తల ఒకసారి ఎడమ భుజం మీంచి, ఒకసారి కుడి భుజం మీంచి తిప్పుతున్నాడు. మావాణ్ణి లెక్కపెట్టమన్నా, వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు, తొమ్మిదిసార్లు వెనక్కి వెళ్తే ఏడుసార్లు చూశాడు. చూసిన ఏడుసార్లూ దెబ్బ తినకుండా ఒక్క పాస్‌తో బయటపడ్డాడు, చూడని రెండుసార్లలో ఒకసారి ఐస్ చుట్టూ ఉండే బోర్డులకి అతుక్కుపోయాడు. మొదటి జోడీలో ఉన్న పేరున్న కుర్రాడు అసలు తలే తిప్పట్లేదు, బలంతో నెట్టుకొస్తున్నాడు, ఆ బలం పెద్దవాళ్ళ లీగులో సరిపోదు. ఇంకోటి, ఒక్క గోల్ ఆధిక్యంలో ఉండగా ఆఖరి రెండు నిమిషాలకి కోచ్ దింపింది ఈ మూడో జోడీ పిల్లాణ్ణే. రోజూ దగ్గరుండి చూసే కోచ్ ఎవర్ని నమ్ముతున్నాడో అదే నాకు అసలు లిస్టు.

శనివారం మ్యాచ్ లేదు. గడ్డకట్టిన సరస్సు ఒడ్డున పది నిమిషాలు నిలబడి పారిపోయొచ్చాం. శనివారం నేను నాన్‌వెజ్ ముట్టను, ప్రిన్సెస్ స్ట్రీట్‌లో ఒక చిన్న హోటల్లో పుటీన్ (ఫ్రైస్ మీద చీజ్, గ్రేవీ వేసిచ్చేది) ఆర్డర్ ఇస్తూ గ్రేవీ దేంతో చేస్తారని అడిగితే ఆవిడ లోపలికి వెళ్ళి డబ్బా చదివి మరీ వచ్చి "బీఫ్ ఉంది, నీకు చీజ్, ఫ్రైస్ మాత్రమే ఇస్తా, డబ్బు తగ్గిస్తా" అంది. ఇక్కడికొచ్చే మన శాకాహారులు గుర్తుపెట్టుకోండి, పుటీన్ అంటే ఉత్త బంగాళాదుంపలు కాదు.

ఆదివారం తిరుగుదారిలో ఓషావా. రింక్ 2006 నాటిది, పెద్దది, శుభ్రం, టాయిలెట్ల దగ్గర క్యూ లేదు, తిండి మిగతా రెండుచోట్లకంటే మేలు, కానీ నా కళ్ళకి కొంచెం మాల్‌లా అనిపించింది. ఆంటొనీ సిరెల్లి ఆడిన ఊరు. ఓహెచ్‌ఎల్ (ఈ మూడు ఊళ్ళ టీములూ ఆడే జూనియర్ లీగ్) సొంత డ్రాఫ్ట్‌లోనే వాణ్ణి ఏ టీమూ తీసుకోలేదు, క్యాంపుకొచ్చి చోటు సంపాదించుకున్నాడు, 2015 మెమోరియల్ కప్ (జూనియర్ టీముల పెద్ద కప్పు) ఫైనల్లో టీము రెండు గోల్సూ వాడే కొట్టాడు, ఓవర్‌టైమ్‌దీ వాడిదే. అంత చేశాక కూడా నెల తిరగకముందే జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 72వ నంబర్. ఆ ఏడే 166వ నంబర్లో పోయిన మాంజియాపానే అనే కుర్రాణ్ణి అంతకుముందు ఏడాది అసలెవరూ ముట్టుకోలేదు. అందుకే ఒకసారి మిగిలిపోయిన పంతొమ్మిదేళ్ళవాళ్ళ కోసం నా కాగితంలో వేరే వరస ఉంది.

ఇక్కడ నాకు దెబ్బ పడింది. నేను చూద్దామని టికెట్లు కొన్న కుర్రాడు ఆ రోజు డ్రెస్ చేసుకోనేలేదు, భుజం నొప్పిట, వార్మప్‌లో కనపడకపోతే అప్పుడు తెలిసింది. ముందురోజు మ్యాచ్ వివరాలు చూసుకుని ఉంటే రెండు టికెట్లూ, పార్కింగూ మిగిలేవి. సరే అని నాలుగో లైన్ (అందరికంటే తక్కువ దిగే ఫార్వర్డ్‌లు) మీద కళ్ళు పెడితే అందులోనూ ఏమీ లేదు, మావాడు మూడో పీరియడ్‌లో నా భుజం మీదే నిద్రపోయాడు.

ఖర్చు ముగ్గురు పోయినంత అయింది, పోయింది ఇద్దరం. కాగితంలో నాలుగు పేర్లున్నాయి, అయిదో గడి ఖాళీ. మార్చిలో ఓవెన్ సౌండ్ అనే ఊరు వెళ్దామనుకుంటున్నా, అక్కడ గోడలు మందంగా ఉన్న హోటల్ ఏదైనా తెలిస్తే చెప్పండి, వాఫుల్స్ లేకపోయినా పర్లేదు.